పాత బ్రోమైడ్ పేపర్ పారేసే ముందు చీకట్లో ఒక ముక్క కత్తిరించి చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. జగిత్యాలలో మీ బాపు నడిపిన స్టూడియో సామాను సర్దుతుంటే నాలుగు పెట్టెలు దొరికాయన్నారు. నడిమి అర్రలోని బీరువాలో సీలు తీయని ఇందు బ్రోమైడ్ పేపర్ (నలుపు తెలుపు ఫోటోలు ప్రింట్ చేసేది) ఒకటి, సగం వాడిన అగ్ఫా బ్రోవిరా ఒకటి. సజ్జ మీద ఇల్ఫోర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ (కాగితానికి ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్) పెట్టెలు రెండు. ఇరవై ఏళ్లు దాటిన ఈ పేపర్ మీద ఇంకా ప్రింట్ వస్తుందా, పారేయాలా అన్నది మీ మొదటి ప్రశ్న. నెగెటివ్‌ను పెద్దది చేసి పేపర్ మీద పడేసే బాపు ఎన్‌లార్జర్ మీద పని నేర్చుకోవడానికి కొత్తగా కొనబోయే పేపర్‌ను మన ఎండల్లో ఎలా దాచుకోవాలన్నది రెండోది.

పారేయకండి. లోపల ఏముందో చూద్దామని వెలుతురులో కవరు మాత్రం అసలే విప్పకండి. పాత స్టూడియోలు ఖాళీ చేసేటప్పుడు ఎక్కువ పేపర్ పాడయ్యేది అక్కడే. ఇరవై ఎండాకాలాలు తట్టుకున్న పేపర్‌ను ట్యూబ్‌లైట్ కింద ఒక్క క్షణం తెరిస్తే ఇక చేసేదేమీ ఉండదు. పెట్టె మీద రాసి ఉన్నది బయటినుంచే చదివి ఒక నోటుబుక్కులో రాసుకోండి: కంపెనీ, గ్రేడ్ నంబరు (నలుపు తెలుపుల తేడా, అంటే కాంట్రాస్ట్, ఎంతో చెప్పేది), సింగిల్ వెయిటా డబుల్ వెయిటా (పలచనిదా మందమైనదా), గ్లాసీయా మ్యాటా, సైజు. ఇంకెక్కడైనా కలర్ పేపర్ పెట్టె దొరికితే దాన్ని వేరుగా పెట్టండి. దానికి ఎర్ర బల్బు కూడా పనికిరాదు, పూర్తి చీకటి కావాలి.

నేను 1983లో హనుమకొండలో ఒక స్టూడియోలో డార్క్‌రూమ్ పనికి చేరాను. హాల్‌టికెట్ ఫోటోలు, పెళ్లి ఫోటోలు, మేడారం జాతరకు పోయి వచ్చిన కుటుంబాల గ్రూపు ఫోటోలు, ఇవే మా పని. కలర్ ల్యాబులు వచ్చి ఆ పని పోయాక కూడా ఇంట్లో ఒక అర్రను డార్క్‌రూమ్‌గానే ఉంచుకున్నాను, ఇప్పటికీ ప్రింట్ చేస్తూనే ఉన్నాను. పాత పేపర్ ఎవరు చూపించినా నేను మొదట అడిగేది దాని వయసు కాదు, అది ఎండాకాలాలు ఎక్కడ గడిపిందని. ఒకసారి ఒకే రోజు కొన్న, ఒకే బ్యాచ్ నంబరున్న పెట్టెలు రెండు నా దగ్గర మిగిలాయి. ఒకటి పరకాల దగ్గర మా ఊళ్లో మట్టిగోడల పెంకుటింట్లో లోపలి అర్రలో, చెక్క పెట్టెలో ఉండిపోయింది. రెండోది నేను హనుమకొండలో అద్దెకున్న రేకుల ఇంట్లో, అటక మీద. పదేళ్ల తర్వాత రెండూ తెరిచాను. ఊరి పెట్టెలో పేపర్ మీద కొత్తదానిలాగే తెలుపు తెల్లగా, నలుపు నల్లగా వచ్చింది. అటక మీది పేపర్ డెవలపర్‌లో (బొమ్మను బయటికి తెచ్చే మందులో) వేయగానే బూడిదరంగుకు తిరిగింది. ఒక్క షీటు కూడా పనికి రాలేదు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే మిగతా సలహాలన్నీ మీకే తడతాయి. పేపర్ పైపొరలో జిలటిన్ ఉంటుంది, దానిలో వెండి లవణాల రేణువులు ఉంటాయి: సిల్వర్ బ్రోమైడ్, సిల్వర్ క్లోరైడ్, లేదా రెండూ కలిసి. వెలుగు తగిలిన రేణువు మీద నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, డెవలపర్ ఆ రేణువును మొత్తం నల్లటి వెండిగా మార్చేస్తుంది. చిక్కేమిటంటే, ఆ కొద్ది పరమాణువులు చేరడానికి వెలుగే కావాలని లేదు. వేడి, చెమ్మ, కొన్ని వాయువులు కూడా నిదానంగా అదే పని చేస్తాయి. పెట్టె మూసి ఉన్నా, చీకట్లో ఉన్నా ఏడాదికి కొన్ని రేణువుల చొప్పున వెలుగు తగలకుండానే ‘వెలుగు తగిలినవి’గా మారిపోతుంటాయి. వాటికీ నిజంగా వెలుగు తగిలినవాటికీ తేడా డెవలపర్‌కు తెలియదు, అన్నింటినీ నల్లగా చేస్తుంది. దాన్నే మనం ఫాగ్ అంటాం. తెల్లగా ఉండాల్సిన చోట మసక వస్తుంది, పేపర్ స్పీడ్ (వెలుగును పట్టుకునే చురుకు) తగ్గుతుంది, నలుపు బలం తగ్గుతుంది, మొత్తం మీద కాంట్రాస్ట్ చచ్చిపోతుంది.

రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఆ లెక్కన 20 డిగ్రీల్లో ఏడాది పట్టే ముసలితనం 40 డిగ్రీల్లో మూడు నెలలకే వచ్చేస్తుంది. మార్చి నెలాఖరు నుంచి జూన్‌లో వానలు పడేదాకా మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. జగిత్యాల, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు కూడా చూస్తాం. రేకుల కింద, స్లాబుకు ఆనుకున్న సజ్జ మీద వేడి బయటికంటే ఎక్కువే ఉంటుంది. అక్కడ ఒక ఎండాకాలం గడిపిన పేపర్‌కు ఏడాది కంటే ఎక్కువ వయసు మీద పడినట్టే. ఇక జూలై నుంచి చెమ్మ మొదలవుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటి చాలా రోజులుంటే జిలటిన్‌కు బూజు పట్టే అవకాశం ఉంది. ఎండ, తర్వాత చెమ్మ, మళ్లీ ఎండ, ఇలా ఏటా తిరిగే చక్రమే మన పేపర్‌కు పెద్ద శత్రువు.

అందుకే మీ నాలుగు పెట్టెల్లో నాకు బీరువాలోని రెండింటి మీదే ఎక్కువ ఆశ ఉంది. సీలు తీయని ఇందు మీద మరీ ఎక్కువ. ఇందు పేపర్ ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ది. 1960లో ఏర్పాటైన ప్రభుత్వ కంపెనీ అది, 1967 నుంచి ఉత్పత్తి సాగింది. మన చిన్న ఊళ్ల స్టూడియోలకు అందుబాటు ధరలో దొరికిన పేపర్ అది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మీ చేతిలో ఉన్న పెట్టె లాంటిది మళ్లీ రాదు కాబట్టి, ఒక్కో షీటునూ లెక్కపెట్టి వాడండి. బ్రోవిరా కూడా అంతే, 2005లో అగ్ఫాఫోటో దివాలా తీసింది. కొడాక్ కూడా బ్లాక్ అండ్ వైట్ పేపర్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది ఆ ఏడాదే. ఇల్ఫోర్డ్ మాత్రం ఇంగ్లండ్‌లో ఇప్పటికీ తయారవుతోంది, కాబట్టి మల్టీగ్రేడ్ పోయినా మీకు కొత్తది దొరుకుతుంది.

పేపర్ రకాన్ని బట్టి కూడా ముసలితనం మారుతుంది. కాంటాక్ట్ ప్రింట్లకు (నెగెటివ్‌ను నేరుగా పేపర్ మీద ఆనించి తీసేవాటికి) వాడే సిల్వర్ క్లోరైడ్ పేపర్ అన్నింటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, దశాబ్దాలు దాటినా తెల్లగా వచ్చినవి చూశాను. ఎన్‌లార్జర్ కింద వాడే స్పీడున్న బ్రోమైడ్ పేపర్‌కు ఫాగ్ దానికంటే ముందు వస్తుంది. ఒకే గ్రేడ్‌లో వచ్చే పేపర్ కంటే, ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకునే మల్టీగ్రేడ్ లాంటి పేపర్ తొందరగా చప్పబడుతుంది. దానిలో పచ్చ వెలుగును పట్టుకోవడానికి కొన్ని రంగు పదార్థాలు కలుపుతారు, అవి కూడా కాలంతో బలహీనపడతాయి. కొన్ని ఆర్‌సీ పేపర్లలో మెషిన్‌లో బొమ్మ త్వరగా బయటపడడానికి డెవలపర్‌ను పొరలోనే కలిపేవారు. అవి వేడికి అసలు ఆగవు. సజ్జ మీది మీ ఆర్‌సీ పెట్టెల గురించి అందుకే నాకు కొంచెం దిగులుగా ఉంది. అయినా పరీక్ష చేయకుండా ఏదీ తేల్చకండి.

పరీక్షకు ఖర్చు ఒక్క షీటు. డెవలపర్ మాత్రం తాజాగా కలిపింది కావాలి. బాపు సీసాలో మిగిలిన గోధుమరంగు డెవలపర్‌తో చేస్తే ఆ మరకలు పేపర్ తప్పో మందు తప్పో తెలియదు. హైపో (డెవలప్ అయిన బొమ్మను నిలబెట్టే మందు) కూడా కొత్తదే కలపండి. రెడీమేడ్ పేపర్ డెవలపర్ ఏదైనా సరే. సొంతంగా తూచి కలుపుకునే అలవాటుంటే మా కాలపు డీ-72 ఇప్పటికీ బాగుంటుంది: లీటరు నీటికి మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బొనేట్ మోనోహైడ్రేట్ 80, పొటాషియం బ్రోమైడ్ 2. ఇదే వరుసలో, ఒకటి పూర్తిగా కరిగాక ఇంకోటి వేయాలి. వాడేటప్పుడు ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్లు పగిలి దురద పెడుతుంది, గ్లౌజులు వేసుకోండి. వంటింటి గిన్నెలు, గరిటెలు దీనికి వాడొద్దు.

మరొకటి, ట్రే వేడి. మన కుళాయి నీళ్లు వేసవిలో 32, 33 డిగ్రీలుంటాయి. అంత వేడిలో పాత పేపర్‌ను డెవలప్ చేస్తే మంచి పేపర్ కూడా ఫాగ్ అయినట్టు కనిపిస్తుంది. డెవలపర్ ట్రేను నీళ్లు పోసిన పెద్ద టబ్బులో పెట్టి, ఐసు ముక్కలను పాలిథిన్ సంచిలో మూటగట్టి ఆ టబ్బులో వేయండి. 20, 21 డిగ్రీలకు వచ్చాక మొదలుపెట్టండి.

ఇప్పుడు పూర్తి చీకట్లో, ఎర్ర బల్బు కూడా లేకుండా, పెట్టె తెరిచి కట్ట మధ్యలోంచి ఒక షీటు తీయండి. పైషీటు వద్దు. గాలి, చెమ్మ ముందు తాకేవి పై షీట్లు, అడుగు షీట్లు, నాలుగు అంచులే. దాన్ని మూడు ముక్కలు చేయండి. చీకట్లో తేడా తెలియడానికి మొదటిదానికి ఒక మూల, రెండోదానికి రెండు మూలలు కత్తిరించండి. మిగతా షీట్లు కవరులో పెట్టి, పెట్టె మూసేశాకే తర్వాతి పని. మొదటి ముక్కను డెవలపర్‌లో వేయకుండా నేరుగా హైపోలో వేయండి. రెండో ముక్కకు వెలుగు చూపించకుండానే డెవలపర్‌లో వేయండి, ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేనిది) అయితే రెండు నిమిషాలు, ఆర్‌సీ అయితే ఒక నిమిషం, తర్వాత హైపోలో. ఆ రెండూ హైపోలో పూర్తిగా స్థిరపడ్డాక లైటు వేసి, మూడో ముక్కకు బాగా వెలుగు తగలనిచ్చి, దాన్ని కూడా అంతే సేపు డెవలప్ చేయండి. మూడింటినీ కడిగి ఆరబెట్టి, మర్నాడు పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. తడిగా ఉన్నప్పుడు తీర్పు చెప్పకండి, ఆరాక పేపర్ ఇంకాస్త ముదురుగా కనిపిస్తుంది.

మొదటి రెండు ముక్కలూ ఒకే తెలుపులో ఉంటే మీ పేపర్‌కు ఫాగ్ లేదు, సంతోషంగా వాడుకోండి. రెండూ కాస్త పసుపుగా, కానీ ఒకేలా ఉంటే అది అడుగు కాగితం పాతబడటమే, ఫాగ్ కాదు. పాత మనుషుల ఫోటోలకు ఆ రంగు అందంగా కూడా ఉంటుంది. రెండోది మొదటిదానికంటే బూడిదగా ఉంటే అదే ఫాగ్. ఎంత ఉందన్నది ముఖ్యం. పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియనంత ఉంటే మందుతో సరిచేయవచ్చు. దూరంనుంచే తెలిసేంత ఉంటే మామూలు ప్రింట్ ఆశ వదులుకోవాలి. మూడో ముక్క నిండు నలుపు రాకుండా బొగ్గు రంగు దగ్గరే ఆగిపోతే పేపర్ బలం పోయిందన్నమాట. ఫాగ్‌కు మందుంది గానీ దీనికి లేదు. అంచుల్లో మాత్రమే నలుపు చారలుంటే బాధపడకండి. పది బై పన్నెండు షీటులోంచి ఎనిమిది బై పది కత్తిరించుకుంటే మధ్యలోది శుభ్రంగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. పేపర్ బాగానే ఉంటుంది, తప్పు బల్బుది. మీ బాపు బ్రోమైడ్ పేపర్‌కు పసుపు సేఫ్‌లైట్ (డార్క్‌రూమ్‌లో పేపర్ పాడవకుండా వాడే బల్బు) వాడి ఉంటే అది ఇందుకూ బ్రోవిరాకూ సరిపోవచ్చు. మల్టీగ్రేడ్ పేపర్ పచ్చ వెలుగును కూడా పట్టుకుంటుంది కాబట్టి ఆ పసుపు వెలుగులో మసకబారుతుంది. దుకాణంలో దొరికే రంగు పూసిన ఎర్ర బల్బులనూ నమ్మలేం, పూత పలచబడిన చోట తెల్ల వెలుగు కారుతుంది. ఎన్‌లార్జర్ కింద ఒక ముక్కకు చాలా లేత బూడిదరంగు వచ్చేంత వెలుగు చూపించండి. దాని మీద రూపాయి బిళ్ల పెట్టి సేఫ్‌లైట్ కింద ఐదు నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. బిళ్ల గుర్తు కనిపిస్తే బల్బు మార్చాలి. ముందుగా ఆ లేత వెలుగు చూపించకపోతే కొద్దిపాటి తప్పు బయటపడదు.

ఫాగ్ కొద్దిగా ఉంటే నేను వాడేది బెంజోట్రయజోల్. కాలేజీ ల్యాబులకు రసాయనాలు అమ్మే దుకాణాల్లో అడగండి. గ్రాము పొడిని వంద మిల్లీలీటర్ల వేడి నీటిలో ఓపికగా కరిగించి సీసాలో పెట్టుకుంటే చాలా కాలం వస్తుంది. వాడే డెవలపర్ లీటరుకు ముందు పది మిల్లీలీటర్లు కలిపి, రెండో ముక్క పరీక్ష మళ్లీ చేయండి. మసక పోకపోతే ఇంకో పది. యాభై దాటినా పోకపోతే ఆపేయండి. ఇది రేణువులను కొంచెం మందగింపజేస్తుంది. వెలుగు గట్టిగా తగిలినవి ఎలాగూ నల్లబడతాయి, అరకొరగా ఉన్న ఫాగ్ రేణువులు ఆగిపోతాయి. దానికి బదులు ఎక్స్‌పోజర్ (పేపర్‌కు వెలుగు చూపే సమయం) పెంచాలి, ఒక్కోసారి రెట్టింపు. నలుపు కొంచెం నీలం వైపు తిరుగుతుంది. అది దొరకకపోతే పది శాతం పొటాషియం బ్రోమైడ్ ద్రావణం లీటరుకు పది నుంచి ఇరవై మిల్లీలీటర్లు వేయవచ్చు. అది బలం తక్కువ, రంగును గోధుమ, పచ్చ వైపు లాగుతుంది. పోర్ట్రెయిట్లకు నాకు బ్రోమైడ్ రంగే ఇష్టం.

డెవలపర్‌లో ఎక్కువసేపు నానబెట్టడం మాత్రం పాత పేపర్‌కు విషమే. ఎక్స్‌పోజర్ పెంచండి, డెవలప్‌మెంట్ తగ్గించండి. మల్టీగ్రేడ్ అయితే గ్రేడ్ 4 ఫిల్టర్‌తో మొదలుపెట్టండి, పోయిన కాంట్రాస్ట్ కొంతైనా తిరిగి వస్తుంది. ఇంత చేశాక కూడా ముఖం మీద తెలుపులో సన్నని మసక మిగిలితే ఫార్మర్స్ రెడ్యూసర్ ఉంది. హోవర్డ్ ఫార్మర్ అనే ఆయన 1883లో చెప్పిన పద్ధతి, పొటాషియం ఫెర్రిసయనైడ్ హైపోలో కలిపి వాడతారు. లేత పసుపు రంగులో ఉండేంత పలచగా కలిపి, హైపోలో స్థిరపడ్డ ప్రింట్‌ను కొన్ని సెకన్లు ముంచి వెంటనే నీళ్లలో వేయాలి. ఫెర్రిసయనైడ్‌కు ఎప్పుడూ యాసిడ్ తగలనివ్వకండి, విషవాయువు వస్తుంది. మొదటి నెలల్లోనే దీని జోలికి వెళ్లొద్దు, చేయి కుదిరాక చేయండి.

పూర్తిగా మసకబారిన పేపర్‌ను కూడా నేను పారేయను. దాన్ని డెవలపర్‌లో వేయకుండా వాడుకునే మార్గం ఉంది. షీటు మీద ఆకులు, పువ్వులు పరిచి, పైన గాజు పలక పెట్టి ఎండలో ఉంచితే పేపర్ రంగు దానంతటదే మారుతుంది. అరగంట నుంచి రెండు మూడు గంటలు పడుతుంది. ఫాగ్‌ను బయటికి తెచ్చేది డెవలపర్ కాబట్టి ఇక్కడ దాని బాధ లేదు. ఒక్కో పాత పేపర్ ఒక్కో రంగు ఇస్తుంది: ఊదా, గులాబీ, ఇటుక రంగు. హైపోలో వేస్తే కొంచెం వెలిసిపోయినా నిలిచి ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు పెట్టి చేసిన షీట్లు మా ఇంట్లో గోడకు ఉన్నాయి. పచ్చి పువ్వులోని తడి పేపర్‌కు తగిలిన చోట వచ్చే రంగులు మళ్లీ రమ్మన్నా రావు. మీ ఆర్‌సీ పేపర్ పోయిందని తేలితే దసరాకు దాచుకోండి.

ఇక కొత్త పేపర్ దాచడం. కంపెనీల సలహా ప్రకారం చల్లగా, పొడిగా ఉండాలి. 20 డిగ్రీల దగ్గర, తేమ సగానికి మించకుండా ఉంటే పేపర్ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. మనకు దీపావళి నుంచి శివరాత్రి దాకా అది దాదాపు ఉచితంగా దొరుకుతుంది. మిగతా ఏడాదికే ఏర్పాటు కావాలి.

ఇంట్లో చోటు చూసేటప్పుడు పడమటి గోడకు ఆనుకున్న అర్ర వద్దు, పైఅంతస్తు వద్దు, సజ్జ అసలే వద్దు. కింది ఇంట్లో, బయటి గోడ లేని నడిమి అర్ర మంచిది. గచ్చు మీద నేరుగా పెట్టకండి, వానాకాలంలో నేల చెమ్మ పెట్టెలోకి ఎక్కుతుంది, చెదలు కూడా అక్కడినుంచే వస్తాయి. జానెడు ఎత్తులో అరమీద పెట్టండి. పెట్టెలు పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే సగం వాడిన పెట్టెలో షీట్లు వంగిపోతాయి. పైన బరువులు పెడితే నొక్కిన చోట గుర్తులు పడతాయి. జిలటిన్ అంటే బొద్దింకలకు, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులకు తిండే. ఇనుప బీరువా కొత్త ప్లైవుడ్ అలమారా కంటే చాలా నయం. కొత్త ప్లైవుడ్, తాజా పెయింటు నుంచి వచ్చే వాయువులు పేపర్‌ను పాడుచేస్తాయి. బీరువాలో బట్టలకు వేసే కలరా ఉండలు పేపర్ దగ్గర ఉంచకండి.

వాయువుల విషయంలో నేను ఒకసారి బాగా నష్టపోయాను. సెపియా (గోధుమరంగు) ప్రింట్ల కోసం సల్ఫైడ్ టోనర్ కలిపి, మూత సరిగా బిగించని సీసాను పేపర్ ఉన్న అలమారాలోనే కింది అరలో పెట్టాను. కుళ్లిన గుడ్ల వాసన వస్తూనే ఉంది, మందు వాసనే కదా అనుకున్నాను. రెండు నెలల తర్వాత తీసిన ప్రతి షీటుకూ అంచులనుంచి లోపలికి నలుపు పాకి ఉంది. వంద షీట్ల పెట్టె, అప్పట్లో నాకు అది నెల సంపాదనలో పెద్ద భాగం. ఆ రోజునుంచి టోనర్, అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న గదిలో పేపర్ పెట్టలేదు.

ఎయిర్ కూలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చాలామంది చల్లదనం కోసమే చేస్తారు. మే నెలలో మన గాలి వేడిగా ఉన్నా పొడిగా ఉంటుంది. కూలర్ పెట్టిన గదిలో వేడి తగ్గుతుంది గానీ, గడ్డి తెరల మీదుగా నీటి ఆవిరి మొత్తం గదిలోకి వస్తుంది. అట్టపెట్టె ఆ చెమ్మను పీల్చుకుంటుంది. కూలర్ నడిచే గదిలో పేపర్ వద్దు. ఏసీ గది అయితే పర్వాలేదు, ఏసీ తేమను తీసేస్తుంది.

ఎక్కువ రోజులు దాచాలంటే ఫ్రిజ్ మంచిది. పెట్టెను అలాగే కూరగాయల మధ్య పెట్టేయకూడదు. పేపర్ నల్ల కవరులో, ఆ కవరు పెట్టెలో, పెట్టె మందపాటి జిప్ కవరులో, దాని పైన ఇంకో కవరు. రెండు కవర్ల మధ్య సిలికా జెల్ పొట్లాలు వేయండి. గాలి వీలైనంత నొక్కి తీసేయండి. మా ఫ్రిజ్‌లో కింది అర మొత్తం పేపర్‌దే, ఇంట్లోవాళ్లు అలవాటు పడ్డారు. కరెంటు కాసేపు పోయినా భయం లేదు, కవరు తెరవకపోతే లోపలికి చెమ్మ రాదు.

అసలు ప్రమాదం బయటికి తీసేటప్పుడు. వానాకాలంలో గది 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకోండి. ఆ గాలిలోని ఆవిరి 25 డిగ్రీలకే నీటి బొట్లుగా మారుతుంది. మీ పేపర్ 4 డిగ్రీల దగ్గర ఉంది. కవరు విప్పిన క్షణమే షీట్ల మీద చెమ్మ పడుతుంది, జిలటిన్ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్న షీట్లను లాగితే పొర ఊడి వస్తుంది. అందుకే ఈ రోజు సాయంత్రం ప్రింట్ చేయాలంటే పొద్దున్నే బయట పెట్టండి, కవర్లు విప్పకుండా. డీప్ ఫ్రీజర్‌లోంచి అయితే ముందురోజు రాత్రే తీయండి. అవసరమైన పాతిక షీట్లు ఒక చిన్న కవరులోకి మార్చుకుని వాడుకుంటే, పెద్ద పెట్టెను మాటిమాటికి తెరిచే అవసరం ఉండదు. ఆవకాయ జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాం కదా, అదే పద్ధతి.

నల్ల కవర్లకు కొత్తవి కొనక్కర్లేదు. ఎక్స్‌రే ఫిల్మ్ వచ్చే నల్లటి మందపాటి కవర్లు స్కానింగ్ సెంటర్లలో అడిగితే ఇస్తారు. చిల్లులున్నాయేమో ఎండకు పట్టి చూసుకోండి. పేపర్ మాత్రం ఎక్స్‌రే గది దగ్గర దాచకండి. కొరియర్‌లో వచ్చే పేపర్‌ను నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే తెప్పించుకోండి. ఏప్రిల్‌లో ఆర్డర్ చేస్తే పార్సిల్ ఎండలో నిలిచిన లారీలో ఎన్ని రోజులుంటుందో మన చేతిలో లేదు. ఏడాదికి సరిపడానే కొనండి.

బీరువాలోని ఇందు, బ్రోవిరాలను పరీక్ష చేశాక అదే రాత్రి చీకట్లోనే కొత్త నల్ల కవర్లలోకి మార్చేయండి. ఆ పాత లోకవర్లు నల్ల కాగితంతో చేసినవి కావచ్చు, ఇన్నేళ్లకు మడతల దగ్గర చీలి ఉంటాయి. పేపర్ భద్రంగా కొత్త కవర్లలోకి వెళ్లాక ఖాళీ పెట్టెలను వెలుతురులోకి తీసుకురండి. బ్రోవిరా పెట్టె మూత లోపలి వైపు చూడండి. మా తరం వాళ్లం చాలామందిమి ఎన్‌లార్జర్ ఎత్తు, లెన్స్ నంబరు, ఎన్ని సెకన్లు ఇచ్చామో పెన్సిల్‌తో అక్కడే రాసుకునేవాళ్లం. మీ బాపు రాసి ఉంటే, ఆ సెకన్లతోనే మీ మొదటి టెస్ట్ స్ట్రిప్ (వేర్వేరు సెకన్లు ఇచ్చి చూసే పేపర్ ముక్క) మొదలుపెట్టండి. పేపర్ ఇప్పుడు నెమ్మదించి ఉంటుంది కాబట్టి ఆ సెకన్లకు ఇంకో సగం కలుపుకోండి.